పాత పిస్టల్ సరిపోతుందా, కొత్త మోడల్‌కి మారాలా: ఎలా తేల్చుకోవాలి

కొత్త మోడల్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి లాకర్లో ఉన్న పాత పిస్టల్ కాస్త బరువెక్కినట్టు, దాని ట్రిగ్గర్ గట్టిపడినట్టు అనిపించడం మామూలే. దానికేమీ కాలేదు. మొన్న ఎలా పేలిందో ఇవాళా అలాగే పేలుతుంది. మోజు పుట్టింది మనకే. అలాగని ప్రతి కోరికనీ మోజు కింద కొట్టిపారేయలేం. కొన్ని పాత మోడళ్లు చెయ్యి జారి కింద పడితే పేలే అవకాశం నిజంగానే ఉంది. కొన్నిటికి విడిభాగాలు దొరకవు. వయసు మీదపడ్డాక స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగడమే కష్టమైపోయేవాళ్లూ ఉన్నారు. మార్చి తీరాల్సిన కారణమేదో, చిన్న స్ప్రింగ్‌తో తీరిపోయేదేదో విడదీసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇది లైసెన్సుతో, చట్టప్రకారం తుపాకీ ఉంచుకున్నవాళ్ల కోసం. మీది పిస్టలైనా రివాల్వరైనా వరస ఇదే.

ముందు కారణాన్ని కాగితం మీద పెట్టండి

"ఎందుకు మార్చాలనుకుంటున్నాను?" అన్నదానికి ఒక్క వాక్యంలో జవాబు రాయండి. "కొత్తది బాగుంటుంది" అన్నది జవాబు కాదు. "రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ రెండు మూడుసార్లు ఇరుక్కుంటోంది", "ముందు సైట్ నా కంటికి మసగ్గా కనిపిస్తోంది", "నడుముకు పెట్టుకుంటే చొక్కా కింద తెలిసిపోతోంది", "ఇందులో ఫైరింగ్ పిన్‌ని (తూటా వెనక పొడిచి పేల్చే పిన్నుని) పట్టి ఉంచే ఏర్పాటు లేదు". జవాబంటే ఇలా ఉండాలి.

అది రాయలేకపోతున్నారంటే ఇంకో నెల ఆగండి. నెల తర్వాత కూడా రాయలేకపోతే మీకు కావలసింది కొత్త పిస్టల్ కాదు, కొత్తది కొనడంలో ఉండే సంబరం. అదీ తప్పేం కాదు. డబ్బుండి, చట్టం ఒప్పుకుంటే సరదాకే కొనుక్కోండి. కానీ దాన్ని అవసరం అని పిలవకండి.

వాడకం ఏమిటో కూడా పక్కనే రాసుకోండి. రేంజ్‌లో కాగితం మీద కాల్చడానికా, పోటీలకా, ఆత్మరక్షణకా, లేక తాతగారి గుర్తుగా దాచుకోవడానికా? పోటీలో పిస్టల్ ఇరుక్కుంటే పాయింట్లు పోతాయి. ఆత్మరక్షణకు పెట్టుకున్నది ఇరుక్కుంటే ఏం పోతుందో చెప్పక్కర్లేదు. ఒకే పిస్టల్ ఒక పనికి భేషుగ్గా ఉండి, ఇంకో పనికి పనికిరాకపోవచ్చు.

మీరున్న చోట చట్టం ఏమంటోంది

ఇది మొదట్లోనే చూసుకోకపోతే తర్వాత చేసినదంతా వృథా. కొన్ని చోట్ల ఒక మనిషి దగ్గర ఎన్ని తుపాకులు ఉండొచ్చో లెక్క ఉంటుంది. కొన్ని చోట్ల పాతదాన్ని అమ్మేదాకా గానీ అప్పగించేదాకా గానీ కొత్తది తీసుకోకూడదు. కొన్ని చోట్ల క్యాలిబర్ (తూటా కొలత) మీద, మ్యాగజైన్‌లో పట్టే తూటాల సంఖ్య మీద పరిమితి ఉంటుంది. లైసెన్సులో నమోదైన ఆయుధం మార్చాలంటే ముందస్తు అనుమతి, దానికి పట్టే కాలం, ఆ మధ్యలో పాతది ఎవరి దగ్గర ఉండాలి, ఇవన్నీ లైసెన్సు ఇచ్చే అధికారినే అడగండి. షాపువాడి మాట సరిపోదు, అతనిది అమ్మే తొందర.

ఖాళీ చేసి, విప్పి చూడండి

ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. ఈ వరస తిరగబడితే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, స్లైడ్ ముందుకు వెళుతూ మ్యాగజైన్‌లోని పై తూటాని ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా పేలే చోటికి, తోసేస్తుంది. మ్యాగజైన్ చేతిలో ఉంది కదా, ఖాళీ అయిపోయిందనుకుంటాం. లోపల ఒకటి ఉంటుంది. అందుకని మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి లాక్ చేసి, ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

ఇప్పుడు కంపెనీ మాన్యువల్‌లో చెప్పినంత వరకే విప్పండి. చూడాల్సినవి ఇవీ:

రీకాయిల్ స్ప్రింగ్. పేలాక వెనక్కి పోయిన స్లైడ్‌ని మళ్లీ ముందుకు తోసేది ఇది. పిస్టల్ పాతబడిందని జనం చెప్పే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. చాలా పిస్టళ్లలో 3,000 నుంచి 5,000 రౌండ్ల మధ్య మార్చమంటారు. మీ మోడల్‌కి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. స్ప్రింగ్ నీరసపడితే స్లైడ్ వెనక్కి బలంగా కొట్టుకుంటుంది, తన్ను ఎక్కువైనట్టు అనిపిస్తుంది, చివరి కొసలో స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా ఆగుతుంది. "ఈ పిస్టల్ పనైపోయింది" అని అమ్మేసినవాటిలో కొన్ని ఈ స్ప్రింగ్ ఒక్కటీ మారిస్తే ఇంకో పదేళ్లు పనిచేసేవే.

మ్యాగజైన్లు. నా లెక్కలో పిస్టల్ కంటే ముందు అనుమానించాల్సింది వీటినే. ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింట్ మార్కర్‌తో 1, 2, 3 అని అంకె వేయండి. రేంజ్‌లో ఎప్పుడు ఇరుక్కున్నా ఏ అంకె మ్యాగజైన్ లోపల ఉందో రాసుకోండి. కొన్నిసార్లకే సంగతి బయటపడుతుంది: ప్రతిసారీ 3వ నంబరే. దాని పై అంచులు, తూటాని పట్టి ఉంచే ఆ రెండు రేకు పెదవులు, ఒకటి పక్కదాని కంటే వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకుని ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి కొత్త మ్యాగజైన్‌తో పోల్చి చూస్తే తెలుస్తుంది. తూటా ముక్కు పైకి లేచి ఛాంబర్ అంచుకు తగిలేది అందుకే. ఒక మ్యాగజైన్ పారేస్తే పోయే దానికి పిస్టల్ మార్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

పేలిన తూటా తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు విరిగిందా, దాని కింద మసి గట్టిపడిందా చూడండి. బ్యారెల్‌లో ఉబ్బు గానీ, లోతైన తుప్పు గుంటలు గానీ ఉన్నాయా చూడండి. స్లైడ్, ఫ్రేమ్ రెంటిలోనూ మూలల దగ్గర, పిన్నుల రంధ్రాల చుట్టూ వెంట్రుక లాంటి గీతల కోసం వెతకండి. బెరెట్టా 92 రకం పిస్టళ్లలో బ్యారెల్ కింద ఉండే లాకింగ్ బ్లాక్ అరిగే భాగమే. అది పగిలేదాకా ఆగకుండా మార్చుకుంటూ పోవాలి. గీత కనబడింది ఫ్రేమ్ మీదైతే ఆ పిస్టల్‌తో ఇక కాల్చకండి, గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించండి.

రివాల్వర్ వాళ్లు చూడాల్సింది వేరు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు మామూలుగా 0.10 నుంచి 0.25 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. ఫీలర్ గేజ్‌తో కొలవొచ్చు. సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపితే ఆట ఎంత ఉందో చూడండి. హామర్ (వెనక ఉండే, తూటాని పేల్చే సుత్తి) మెల్లగా వెనక్కి లాగినప్పుడు, అది పూర్తిగా వెళ్లేలోపే సిలిండర్ తన గాడిలో పడి లాక్ అవ్వాలి. సిలిండర్‌లో తూటా పట్టే ప్రతి గదికీ విడివిడిగా పరీక్షించండి, ఐదు బాగుండి ఆరోది తప్పడం కద్దు. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19 లాంటి పాత .357 రివాల్వర్ అయితే బ్యారెల్ వెనక కొస, ఫోర్సింగ్ కోన్ అడుగు భాగం బాగా చూడండి. సిలిండర్‌ని పక్కకి తిప్పే చేతికి చోటివ్వడానికి అక్కడ లోహాన్ని చదునుగా కోశారు. తేలికపాటి, వేగమైన మాగ్నమ్ తూటాలు ఎక్కువ కాల్చినవాటిలో పగులు వచ్చేది సరిగ్గా అక్కడే. అదే కంపెనీ తర్వాత కొంచెం పెద్ద ఎల్ ఫ్రేమ్ తెచ్చింది, 686 లాంటి మోడళ్లు దాని మీదే వచ్చాయి. రోజూ మాగ్నమ్ కాల్చాలనుకునేవాళ్లకు అది మారడానికి న్యాయమైన కారణం. అదే రివాల్వర్‌లో పట్టే, బలం తక్కువైన .38 స్పెషల్ తూటాలతో సరిపెట్టుకునేవాళ్లకు అక్కర్లేదు.

రాత్రిపూట మెరిసే ట్రిటియం సైట్లు ఉంటే వాటి తయారీ ఏడాది చూడండి. ట్రిటియం అర్ధాయుష్షు 12.3 ఏళ్లు. అంటే పన్నెండేళ్లకు వెలుగు సగం, పాతికేళ్లకు పావు వంతు. "పాత పిస్టల్ చీకట్లో కనబడటం లేదు" అంటే సైట్లు మార్చాలని, పిస్టల్ కాదు.

ఇవన్నీ చేయించి, తేమ తగలని చోట నూనె రాసి పెట్టాక మీరు రాసుకున్న కారణం ఇంకా నిలబడిందా? నిలబడకపోతే ఇక్కడితో ఆపేయండి.

కింద పడితే ఏమవుతుంది

మార్చాలా వద్దా అన్న ప్రశ్నలో నేను బేరానికి ఒప్పుకోనిది ఇదొక్కటే. ఆధునిక పిస్టళ్లలో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ ముందుకు పోకుండా ఒక అడ్డం ఉంటుంది. పాతవాటిలో చాలా వరకు అది లేదు. పిస్టల్ నోరు కిందికి ఉండేలా గట్టి నేల మీద పడితే ఫైరింగ్ పిన్ తన బరువుకి తనే ముందుకు దూసుకెళ్లి తూటాని తాకే అవకాశం ఉంటుంది.

కొన్ని ఉదాహరణలు చూస్తే మీది ఎక్కడుందో తెలుస్తుంది. కోల్ట్ 1911 రకంలో ఫైరింగ్ పిన్ అడ్డం 1983లో మొదలైన సిరీస్ 80తో వచ్చింది, అంతకు ముందు సిరీస్ 70లో లేదు. సీజెడ్ 75 మొదటి రూపంలో లేదు, 75బి లో ఉంది. టోకరేవ్ టీటీ-33కి అసలు రూపంలో విడిగా సేఫ్టీయే లేదు, హామర్‌ని సగంలో ఆపే గాడి ఒక్కటే దిక్కు. రూగర్ సింగిల్ యాక్షన్ (హామర్‌ని ప్రతిసారీ చేత్తో లాగాల్సిన) రివాల్వర్లలో 1973కి ముందువాటికి ట్రాన్స్‌ఫర్ బార్, అంటే ట్రిగ్గర్ నొక్కితేనే హామర్ దెబ్బని ఫైరింగ్ పిన్‌కి అందించే పలక, లేదు. వాటిలో హామర్ కింద ఉన్న గది ఖాళీగా ఉంచి ఐదు తూటాలే వేయాలి. ఆ కంపెనీ ఆ పాత రివాల్వర్లకు భద్రతా భాగాలు ఉచితంగా అమర్చి, తీసేసిన అసలు భాగాలను కూడా తిరిగి పంపే ఏర్పాటు పెట్టింది. ఇలాంటి దారి ఉంటే కొత్తది కొనక్కర్లేదు. పాతదాని విలువా తగ్గదు.

మీది అడ్డం లేని మోడలైతే మూడు దారులున్నాయి. రేంజ్‌కే పరిమితం చేసి, అక్కడ గురి చూసే ముందు మాత్రమే లోడ్ చేయడం. కంపెనీయో మంచి గన్‌స్మితో అమర్చగలిగితే మార్పు చేయించడం. రెండూ కుదరక, దాన్ని లోడ్ చేసి ఒంటి మీద పెట్టుకుని తిరగాల్సిన అవసరమే ఉంటే, మార్చేయడం. ఈ మూడో పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇక మిగతా లెక్కలు చూడక్కర్లేదు.

కొత్తదంటే భద్రమైనదని మాత్రం అనుకోకండి. సిగ్ సావర్ పీ320 వచ్చింది 2014లో. కింద పడితే పేలే సమస్య బయటపడ్డాక 2017లో కంపెనీ ట్రిగ్గర్ భాగాలు మార్చి ఇచ్చే కార్యక్రమం ప్రకటించాల్సి వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ 9 మిల్లీమీటర్ల పిస్టల్ వచ్చిన ఏడాదే, 2020లో, హామర్ లోపంతో కొన్నిటిని వెనక్కి పిలిచారు. అందుకే రెండు పనులు చేయండి. మీ దగ్గరున్న పిస్టల్ సీరియల్ నంబర్ కంపెనీ రీకాల్ జాబితాలో ఉందేమో చూడండి. కొనబోయే మోడల్ మార్కెట్లోకి వచ్చి కనీసం ఏడాది గడిచిందా చూడండి. మొదటి విడతలోనే కొని, కంపెనీ తరఫున మనం పరీక్షలు చేసి పెట్టాల్సిన అవసరం లేదు.

లోపం పిస్టల్‌దా, చేతిదా

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. రేంజ్‌లో ఈ మాట రోజూ రుజువవుతూనే ఉంటుంది. తూటాలన్నీ కిందికీ ఎడమకీ పడుతుంటే, కాల్చేది కుడిచేత్తో అయితే, నూటికి తొంభై మంది విషయంలో అది ట్రిగ్గర్‌ని ఒక్కసారిగా గుంజడం, పేలబోతోందని ముందే మణికట్టు వంచడం. సైట్లు వంకరగా ఉండటం అరుదు.

తేల్చుకోవడం సులువే. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద చేతులు ఆనించి, 15 మీటర్ల దూరంలో ఐదేసి రౌండ్లు నెమ్మదిగా కాల్చండి. తర్వాత అదే పిస్టల్, అదే తూటాలు మీ రేంజ్‌లోని కోచ్‌కో, బాగా కాల్చే స్నేహితుడికో ఇవ్వండి. వాళ్లు కాలిస్తే కాగితం మీద రంధ్రాల గుంపు బిగువుగా పడి, మీది చెల్లాచెదురుగా పడిందంటే పిస్టల్‌లో లోపం లేదు. ఇద్దరిదీ చెదిరితే తూటాల రకం మార్చి మళ్లీ చూడండి. బరువు వేరైన బుల్లెట్‌తో గుంపు సగానికి తగ్గిన పిస్టళ్లు ఉన్నాయి. అప్పటికీ చెదిరితే బ్యారెల్‌ని అనుమానించండి.

ఇంకో పరీక్ష. కోచ్‌నే మ్యాగజైన్ నింపమనండి, మధ్యలో ఎక్కడో మీకు తెలియకుండా ఒక డమ్మీ తూటా పెట్టమనండి. ఆ డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు కాబట్టి మీ చెయ్యి ఏం చేస్తోందో మీకే కనిపిస్తుంది. పిస్టల్ నోరు టక్కున కిందికి వంగితే, ఎంత ఖరీదైన మోడల్ కొన్నా ఆ వంపు మీతోనే వస్తుంది. కొత్త పిస్టల్‌కి పెట్టబోయే డబ్బులో సగం తూటాలకీ, శిక్షణకీ పెట్టండి. ఆర్నెల్లాగి మళ్లీ కారణం రాయండి.

చెయ్యి నిజంగానే కారణమయ్యే సందర్భాలు వేరే ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. కీళ్లనొప్పులు, పట్టు తగ్గడం, చిన్న చేతులు. డబుల్ యాక్షన్ (హామర్‌ని లాగే పని కూడా తనే చేసే) ట్రిగ్గర్ మొదటి నొక్కుకి నాలుగున్నర, ఐదు కిలోల బలం కావాలి. గ్లాక్ లాంటి, హామర్ లేని స్ట్రైకర్ పిస్టళ్లలో రెండున్నర కిలోల దగ్గర సరిపోతుంది. స్లైడ్ లాగడం తేలికయ్యేలా ప్రత్యేకంగా చేసిన మోడళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, పైన చెప్పిన ఈజెడ్ వరస అలాంటిదే. గ్లాక్ నాలుగో తరం 2010లో వచ్చినప్పుడు వెనక పట్టు మందం మార్చుకునే ముక్కలు ఇచ్చారు. ఐదో తరం 2017లో వచ్చినప్పుడు పట్టు ముందు భాగంలో వేళ్ల గాడులు తీసేశారు. ఆ గాడులు కొందరి వేళ్లకి అతికినట్టు సరిపోతాయి, కొందరికి గట్టు మీదే వేలు పడుతుంది. రెండో రకం వాళ్లకు ఇది నిజమైన మార్పు, మొదటి రకం వాళ్లకు నష్టం కూడా కావచ్చు. ఎడమచేతి వాటం వాళ్లకైతే రెండు వైపులా స్లైడ్ స్టాప్ ఉన్న కొత్త మోడళ్లు వరమే.

కొత్తది నిజంగా ఏమిస్తుంది

నా దృష్టిలో గత పదీ పదిహేనేళ్లలో చేతి తుపాకుల్లో వచ్చిన అసలైన మార్పులు రెండే: స్లైడ్ మీద రెడ్ డాట్ (గాజులో ఎర్ర చుక్క చూపే సైట్) అమర్చే వీలు, చిన్న ఒంట్లో ఎక్కువ తూటాలు.

రెడ్ డాట్ సంగతి ముందు. మామూలు సైట్లతో కాల్చేటప్పుడు కన్ను ముందు సైట్ మీద నిలవాలి. నలభై దాటాక చేయి చాచినంత దూరంలో ఉన్నది స్పష్టంగా కనబడకపోవడంతో అక్కడే ఇబ్బంది. రెడ్ డాట్‌లో కన్ను గురి మీదే ఉంటుంది, చుక్క దాని మీద తేలుతుంది. 3 ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చుక్క 25 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ చోటు కప్పుతుంది, పిస్టల్‌కి అది చాలు. కాకపోతే ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా) ఉన్నవాళ్లకు ఆ చుక్క గుండ్రంగా కాక పగిలిన నక్షత్రంలా కనిపిస్తుంది. కొనేముందు ఎవరిదైనా అడిగి చూడండి. బ్యాటరీ గుర్తుపెట్టుకోవాలి. పిస్టల్ ఎత్తగానే చుక్క ఎక్కడుందో వెతుక్కునే దశ మొదట్లో అందరికీ వస్తుంది, అది పోవడానికి సాధన కావాలి.

గ్లాక్ ఎంఓఎస్ పేరుతో డాట్ అమర్చే స్లైడ్లు 2015లో తెచ్చింది. అంతకు ముందు చాలా పిస్టళ్లకి డాట్ కావాలంటే స్లైడ్‌ని మిల్లింగ్ చేయించాలి. అది మంచి పనివాడి చేతిలో చక్కగా కుదురుతుంది, ఫ్యాక్టరీ పలకల మీద బిగించినదాని కంటే కిందికి, గట్టిగా కూర్చుంటుంది కూడా. కానీ తిరుగులేని కోత. సేకరణ విలువ ఉన్న పాత పిస్టల్ మీద చేయించకండి. డాట్‌ల అడుగు కొలతలు అన్నీ ఒకటి కావు. ఏ డాట్ కొంటారో ముందు తేల్చుకుని, తర్వాత స్లైడ్ సంగతి చూడండి.

ఇక చిన్న ఒళ్లు. 2018లో వచ్చిన సిగ్ పీ365 దాదాపు జేబులో పట్టే పిస్టల్‌లో పది తూటాల మ్యాగజైన్ పెట్టింది. అదే పరిమాణంలో అంతకు ముందు ఆరో ఏడో ఉండేవి, పొట్టి రివాల్వర్లలో ఐదు. తర్వాత అందరూ అదే దారి పట్టారు. ఒంటి మీద పెట్టుకునేవాళ్లకు ఇది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతే. కానీ చిన్నది, తేలికైనది గట్టిగా తంతుంది. రేంజ్‌లో దాంతో సాధన చేయబుద్ధి కాదు. సాధన చేయనిది ఎంత కొత్తదైనా ఏం లాభం?

క్యాలిబర్ మార్పు కోసం పిస్టల్ మార్చాలనుకునేవాళ్లూ ఉన్నారు. .40 స్మిత్ అండ్ వెసన్ 1990లో వచ్చింది, అమెరికా పోలీసుల్లో బాగా పాకింది. బుల్లెట్ల తయారీ మెరుగయ్యాక 2010ల మధ్యలో ఎఫ్‌బీఐ తిరిగి 9 మిల్లీమీటర్లకి వచ్చింది. తన్ను తక్కువ, తూటాలు ఎక్కువ పడతాయి, సాధన చవక. మీ .40 మిమ్మల్ని అలసటపెడుతుంటే ఇది సరైన కారణం. కొన్ని మోడళ్లకు బ్యారెల్, మ్యాగజైన్ మారిస్తే చాలు, 9 మిల్లీమీటర్లకి మారుతుంది, ముందు అది కనుక్కోండి.

మిగతావి, అంటే స్లైడ్ మీద కొత్త గాట్లు, రంగులు, బ్యారెల్ మీద నగిషీ, ఇవన్నీ కంటికింపు.

పాత పేరుతో వచ్చిన కొత్తవి

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. పేరు ఒకటే కాబట్టి విడిభాగాలూ, మ్యాగజైన్లూ పట్టేస్తాయనుకుంటారు. 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్‌ని ఆపేశాక ఎఫ్‌ఎన్ 2022లో హై పవర్ పేరుతోనే కొత్తది తెచ్చింది. రూపం పోలిక ఉన్నా అది వేరే పిస్టల్, పాత మ్యాగజైన్లు అందులో పనికిరావు. కోల్ట్ పైథాన్ 1955లో పుట్టింది, 2020లో వచ్చిన పైథాన్ లోపలి యంత్రం కొత్తగా తీర్చినది. రోజూ కాల్చడానికి కొత్తదే మేలు. పాతదాని ట్రిగ్గర్ నునుపు, చేతిపని కోసం వెతికేవాళ్లు మాత్రం పాతదాన్ని అమ్ముకుని తర్వాత నాలిక్కరుచుకుంటారు. ఇలాంటి పిస్టల్ మీ దగ్గరుంటే, చట్టం రెండు ఉంచుకోనిస్తే, అమ్మకండి.

మొత్తం ఖర్చు లెక్క

పిస్టల్ ధర ఒక్కటే కాదు. హోల్‌స్టర్ మారుతుంది. మ్యాగజైన్లు కనీసం నాలుగైనా కావాలి. డాట్ అయితే దానికి వేరే. అలవాటు పడటానికి కాల్చే తూటాలు చివరికి పిస్టల్ ధరతో పోటీ పడతాయి. లైసెన్సు రుసుములు. ఇవన్నీ ఒకవైపు రాసి, ఇంకోవైపు పాతదానికి స్ప్రింగులు, సైట్లు, రెండు మంచి మ్యాగజైన్లు, గన్‌స్మిత్ కూలీ రాయండి. పాతది అమ్మితే షాపువాడిచ్చేది మీరనుకున్నదానిలో సగమే ఉంటుందని లెక్క వేసుకోండి.

కొనేముందు పక్కపక్కన పెట్టి కాల్చండి

అద్దెకిచ్చే రేంజ్ ఉంటే మంచిదే, లేకపోతే ఆ మోడల్ ఉన్నవాళ్లతో కలిసి వెళ్లండి. ఒకే రోజు, ఒకే తూటాలు. ముందు పాతదానితో, తర్వాత కొత్తదానితో, మళ్లీ పాతదానితో కాల్చండి. మూడోసారి పాతదాంతో కాల్చడం ముఖ్యం, ఎందుకంటే చెయ్యి వేడెక్కాక ఏదైనా మెరుగ్గానే పడుతుంది. 7 మీటర్ల దగ్గర వేగంగా, 15 మీటర్ల దగ్గర నెమ్మదిగా. కాగితాల మీద ఏ పిస్టల్‌దో వెనకవైపు రాసి ఇంటికి తెచ్చి మర్నాడు చూడండి. కొత్తదాని ఊపు తగ్గాక చూసే లెక్క నమ్మదగ్గది.

కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి గురి అనుకున్న చోట నిలిపి, కళ్లు తెరవండి. ఇది ఖాళీ పిస్టల్‌తోనే, రేంజ్‌వాళ్లు ఒప్పుకుంటేనే. పట్టు వంపు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. 1911కి అలవాటుపడ్డ చేతికి గ్లాక్ ముక్కు పైకి లేస్తుంది. ఇది సాధనతో సర్దుకుంటుంది, కానీ రెండూ కలిపి వాడదామనుకుంటే ఎప్పటికీ సర్దుకోదు. ముఖ్యంగా ఒకదానికి చేత్తో తీసే సేఫ్టీ ఉండి, ఇంకోదానికి లేకపోతే, తొందరలో వేలు పాత అలవాటు ప్రకారమే పోతుంది.

మారాలనే తేలితే

కొత్తదాన్ని తెచ్చిన రోజే పాతదాన్ని పక్కన పెట్టకండి. తుపాకీ ఆత్మరక్షణకు అయితే కొత్తదానిలో కనీసం 200 రౌండ్లు మామూలు తూటాలతో, తర్వాత మీరు నిజంగా లోడ్ చేసి ఉంచబోయే రకం తూటాలతో రెండు మ్యాగజైన్లు, ఒక్కసారీ ఇరుక్కోకుండా కాలాలి. ఇరుక్కుంటే కారణం తెలుసుకుని సరిచేసి, లెక్క మళ్లీ మొదటి నుంచి. అప్పటిదాకా ఆ పని పాతదే చేస్తుంది, చట్టం రెండు ఉంచుకోనిస్తే. ఉంచుకోనివ్వకపోతే కొత్తది కొనేముందే అదే మోడల్‌ని రేంజ్‌లో వీలైనంత ఎక్కువ కాల్చి చూసుకోవాలి.

పాతది అమ్మేటప్పుడు అసలు డబ్బా, మాన్యువల్, మీరు తీసి మార్చిన అసలు భాగాలు కలిపి ఇవ్వండి, ధర తేడా వస్తుంది. ఏ స్ప్రింగ్ ఎప్పుడు మార్చారో, సుమారు ఎన్ని రౌండ్లు కాల్చారో ఒక చీటీ రాసి పెట్టండి. పగులు గానీ, డ్రాప్ సేఫ్టీ లేకపోవడం గానీ ఉంటే దాచకుండా చెప్పండి. బదిలీ చట్టబద్ధమైన డీలర్ ద్వారానో, అధికారి ముందో జరగాలి, తీసుకునేవాడు ఎంత దగ్గరివాడైనా సరే. మీ పేరు మీద నుంచి అది తొలగినట్టు రాతపూర్వకంగా రసీదు తీసుకుని లైసెన్సు కాగితాలతో పాటు దాచండి. ఆ రసీదు చేతికొచ్చేదాకా ఆ పిస్టల్‌కి జవాబుదారీ మీరే.